కాగితపు గోడలకు గడియ

డిటెక్టివ్ నవలలంటే మన సాహిత్యలోకానికి మొదటినుంచీ చిన్నచూపే. రైలు ప్రయాణానికి పనికివచ్చే సరుకనీ, కాలక్షేపం బఠాణీలనీ వాటిని పక్కకు నెట్టేయడం పరిపాటి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని చదివినవారు సైతం పెద్దయ్యాక ఆ సంగతి చెప్పుకోవడానికి మొహమాటపడతారు. ఆ నవలల్లోనూ ‘మూసిన గది’ కథలంటే మరీ చులకన. లోపలినుంచి గడియ పెట్టిన గదిలో శవం ఉంటుంది. హంతకుడు లోపలికి వెళ్లిన దారీ లేదు, బయటికి వచ్చిన దారీ లేదు. ఆఖరి అధ్యాయంలో డిటెక్టివు ఏ దారపు ముక్కో చూపించి అందరిచేతా ఔరా అనిపిస్తాడు. ఇంతే కదా, గారడీవాడి సంచిలో సాహిత్యాన్ని వెతకడం దేనికని పెద్దలు పెదవి విరుస్తారు.

ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ముఖ్యంగా జపాను రచయితలు రాసిన పాతతరం మూసిన గది నవలల విషయంలో ఈ తీర్పు బొత్తిగా అన్యాయమని నా అభిప్రాయం. వాటిని చదవడంలోని ఆనందం చిక్కుముడి విప్పడంతో తీరిపోయేది కాదు. గది ఎలా మూతపడిందన్న ప్రశ్న వెంట మరో ప్రశ్న నీడలా నడుస్తుంది: ఈ ఇంట్లో ఒక గదిని ఇంత గట్టిగా మూయవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలిగింది? ఈ రెండో ప్రశ్నకు జపాను ఇంట్లో ఉన్నంత బరువు మరెక్కడా లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ ఇల్లు ఎలాంటిదో చూడాలి.

మూసిన గది కథ పడమటి దేశాల సొత్తు. ఎడ్గార్ ఎలన్ పో 1841లో దానికి శ్రీకారం చుట్టాడు. ఫ్రాన్సులో గాస్తోన్ లెరూ 1907లో పసుపుపచ్చ గది కథతో దానికి లోకప్రసిద్ధి తెచ్చాడు. జాన్ డిక్సన్ కార్ 1935 నాటి ‘ది హాలో మ్యాన్’లో ఒక అధ్యాయం పాటు కథను ఆపేసి, మూసిన గదిలో హత్య చేసే పద్ధతుల మీద తన డిటెక్టివుచేత ఏకంగా ఉపన్యాసమే ఇప్పించాడు. వీళ్లందరికీ ఇంటి కట్టడం కలిసివచ్చింది. దళసరి గోడలు, బరువైన తలుపులు, గొళ్లేలు, తాళంచెవులు, ఎవరి గది వారికి. గదిని మూయడం అక్కడ రోజూ జరిగే పని.

జపాను సంప్రదాయ గృహం అలాంటిది కాదు. కొయ్య స్తంభాలు, వాటిమధ్య పక్కకు జరిపే ఫుసుమా తెరలు, వెలుగు వచ్చే వైపు పలచని కాగితం అంటించిన షోజి చట్రాలు, రాత్రిపూట వెలుపలివైపు జరిపి మూసే అమాదో అనే చెక్క తలుపులు. ఇంట్లో గదికీ గదికీ మధ్య తాళమన్న మాటే లేదు. పక్కగదిలో దగ్గితే ఇక్కడ వినబడుతుంది. దీపం వెలిగిస్తే మనిషి నీడ కాగితం మీద పడుతుంది. తెర జరిపితే రెండు గదులు ఒకటైపోతాయి. ఇటువంటి ఇంట్లో మూసిన గది కథ పుట్టేదెలా? 1920లలో జపాను డిటెక్టివ్ రచయితలకు ఇది నిజమైన సమస్య. మన ఇళ్లకు ఈ కథ నప్పదని తేల్చేసినవారూ ఉన్నారు.

ఆ మాటకు తొలి గట్టి జవాబు ఎదొగావా రాంపోది. అసలు పేరు హిరాయ్ తారో (1894–1965). పో మీద భక్తితో ఎడ్గార్ ఎలన్ పో పేరునే జపాను నాలుకమీద తిప్పి కలంపేరుగా పెట్టుకున్న ఘనుడు. 1925లో ‘డి-వాలువీధి హత్య’ రాశాడు. ఆ ‘డి’ టోక్యోలోని దాంగోజాకా. రచయిత కాకముందు రాంపో తమ్ముళ్లతో కలిసి పాత పుస్తకాల కొట్టు నడిపింది అక్కడే. కథలో చచ్చిపోయేది కూడా పాత పుస్తకాల కొట్టువాడి భార్యే. ఎదుటి కాఫీ హోటల్లో కూర్చున్న కథకుడు ముందు గుమ్మంమీదనుంచి చూపు మరల్చలేదు. వెనుక సందు మొగలో ఐస్‌క్రీమ్ అమ్మేవాడు అటు ఎవరూ రాలేదన్నాడు. ఇంటి సందుల్లోంచి ఒకే మనిషిని చూసిన ఇద్దరు విద్యార్థుల్లో ఒకడు బట్టలు నల్లనివన్నాడు, మరొకడు తెల్లనివన్నాడు. చూశారా, ఇక్కడ ఇంటికి తాళం లేదు. గదిని మూసింది చుట్టుపక్కలవాళ్ల కళ్లు. కాగితపు ఇంట్లో అందరూ అందరినీ చూస్తూనే ఉంటారు గనుక ఎవరూ చూడకపోవడమే అసంభవమైంది. లోపమనుకున్నదాన్ని రాంపో పెట్టుబడిగా మార్చుకున్నాడు. ఆ చూపుల్ని ఎంతవరకు నమ్మవచ్చునన్నది కథ సారం. ఆ కథతోనే అకెచి కొగోరో అనే డిటెక్టివు జపాను సాహిత్యంలో అడుగుపెట్టాడు.

ఇరవై ఏళ్ల తర్వాత యొకొమిజో సెయిషి (1902–1981) ఇదే సమస్యను మరో దిక్కునుంచి ఎదుర్కొన్నాడు. యుద్ధకాలంలో జపానులో డిటెక్టివ్ కథలు రాయనిచ్చే పరిస్థితి లేదు. యొకొమిజో కూడా పాతకాలపు కథలు రాసుకుంటూ పొద్దుపుచ్చాడు. 1945లో బాంబులకు దూరంగా ఒకాయామా ప్రాంతంలోని ఒక పల్లెకు తరలిపోయి, మూడేళ్లపాటు అక్కడే ఉన్నాడు. యుద్ధం ముగియగానే, 1946లో, ‘హోసెకి’ అనే కొత్త పత్రికలో ‘హొంజిన్ హత్యలు’ ధారావాహికగా మొదలుపెట్టాడు. 1948లో జపాను డిటెక్టివ్ రచయితల సంఘం ఇచ్చిన తొలి బహుమతి ఈ నవలకే దక్కింది.

హొంజిన్ అంటే పూర్వం రహదారుల మీద ప్రయాణించే ప్రభువులు బసచేసే విడిది. ఆ విడిది నడిపిన వంశానికి కాలం మారినా గర్వం మిగిలింది. కథాకాలం 1937 నవంబరు. ఇచియానగి వంశపు పెద్దకొడుకు, పుస్తకాల పురుగు, నలభైకి దగ్గరపడ్డవాడు, కౌలురైతుల కుటుంబంనుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలిని పెళ్లాడతానన్నాడు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. పెళ్లయింది. ఆ రాత్రి మంచు కురిసింది. తెల్లవారుజామున తోటలోని విడి ఇంటినుంచి ముందు అరుపులు, ఆ తర్వాత ఎవరో కోతో తీగలను పిచ్చిగా మీటుతున్న చప్పుడు. గొడ్డలితో తలుపు పగలగొట్టి చూస్తే నెత్తుటి మడుగులో వధూవరులు. కత్తి మాత్రం బయట మంచులో దిగబడి ఉంది. మంచుమీద అడుగుజాడలు లేవు. అంతకుముందు ఊళ్లో ఎవరో మూడువేళ్ల మనిషి ఈ ఇంటికి దారి అడిగి వెళ్లాడట.

ఇందులో ఎంత ఏర్పాటు ఉందో చూడండి. కాగితపు ఇంటిని మూయడానికి యొకొమిజోకు చెక్క తలుపులు చాలలేదు, ఆకాశంనుంచి మంచును దింపవలసివచ్చింది. ఇంట్లోని వస్తువులే సాక్ష్యాలు: కోతో, కత్తి, బంగారుపూత తెర, తోటలో రాతిదీపం. ఇవన్నీ సంపన్న జపాను గృహానికి అలంకారాలు. వాటినే రచయిత లెక్కలోని అంకెలుగా వాడుకున్నాడు. కార్ వంటివారిని ఆకళించుకుని, ఆ విద్యను తన నేల మీద, తన ఇంటి సామానుతో ప్రదర్శించాడు. అనుకరణకూ ఆత్మీకరణకూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ నవలనే చూపిస్తాను.

కిటుకు సంగతి చెప్పను, చెప్పకూడదు. ఇంతమట్టుకు చెప్పవచ్చు: ఆ వంశం గురించి, ఆ సంబంధం గురించి మొదటి పుటలనుంచీ వినబడే ముచ్చట్లు వాతావరణం కోసం పెట్టిన రంగుకాగితాలు కావు. రక్తశుద్ధి, పరువు, నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం అనేవి ఆ తలుపులకు పడిన గడియలకన్న గట్టివి. వీటిని అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడికి పాదసూచికలు అక్కరలేదు. సంబంధం మాటవచ్చేసరికి ఇంటిపేరూ తాతముత్తాతల వైభవమూ తవ్వి తీసే పెద్దల్ని చూడనివారు మనలో ఎందరున్నారు? ఇంగ్లీషు జమీందారు బంగళాలో జరిగిన హత్యకంటే ఒకాయామా పల్లెలో జరిగిన ఈ హత్య మనకు దగ్గరిదిగా తోచడానికి కారణం ఇదే.

తకాగి అకిమిత్సు (1920–1995) మరింత తెలివైన దారి పట్టాడు. చదువుకు ఇంజనీరు, విమానాల కంపెనీలో ఉద్యోగి. ఓటమితో విమానాల పరిశ్రమ మూతపడి ఉద్యోగం పోయింది. నవల రాసి రాంపోకు పంపాడు. పెద్దాయన మెచ్చుకుని సాయం పట్టడంతో 1948లో ‘పచ్చబొట్టు హత్య’ అచ్చయింది. 1947 నాటి టోక్యో, బాంబులకు కాలిపోయిన పేటలు, ఒంటినిండా పాముల మాంత్రికుడి బొమ్మ పొడిపించుకున్న ఒక స్త్రీ. లోపలినుంచి మూసిన స్నానాలగదిలో ఆమె తల, కాళ్లు, చేతులు మాత్రం దొరుకుతాయి. పచ్చబొట్టున్న మొండెం మాయం. కాగితపు ఇంట్లో నిజంగా మూయగలిగిన గది ఏదని వెతికి, పలకలు పరిచిన స్నానాలగదిని పట్టుకోవడం తకాగి ఇంజనీరు బుద్ధికి నిదర్శనం. కానీ నన్ను ఆకట్టుకునేది మరొకటి. పచ్చబొట్టు పొడవడాన్ని జపాను ప్రభుత్వం 1872లో నిషేధించింది. ఆ నిషేధం 1948దాకా ఉంది. అంటే బట్టల చాటున జీవితాంతం దాచుకోవలసిన బొమ్మ అది. ఒంటిమీదే ఒక మూసిన గది! గదిని తెరిస్తే ఒంటి రహస్యం, ఒంటి రహస్యం తెలిస్తే గది. ఈ రెండింటినీ ఒకదానితో ఒకటి ముడివేసిన నవలను ఉత్త పొడుపుకథ అనడానికి నాకు నోరు రాదు.

ఇక్కడ ఒక సందేహం రావాలి. నగరాలు బూడిదయ్యాయి, తిండి గింజలకు కటకటగా ఉంది, యుద్ధానికి వెళ్లిన కొడుకులు తిరిగిరాలేదు. సరిగ్గా అప్పుడే ఆ జనం ఒక గదిలో ఒక మనిషి ఎలా చచ్చిపోయాడన్న కథల కోసం ఎందుకు ఎగబడ్డారు? కసాయ్ కియోషి అనే విమర్శకుడు (పేరు చూసి భయపడకండి, ఆయన మంచి నవలాకారుడు కూడా) దీనికొక వివరణ ఇచ్చాడు. మహాయుద్ధాలలో మనుషులు లక్షల సంఖ్యలో, పేరూ ఊరూ లేకుండా, అర్థం లేకుండా చచ్చిపోయారు. ఆ తర్వాత వచ్చిన డిటెక్టివ్ నవల ఒక్క చావుకు రెండంచెల గౌరవం ఇచ్చింది: హంతకుడు దానికోసం అంత బుర్ర ఖర్చుపెట్టాడు, డిటెక్టివు దాన్ని విప్పడానికి మళ్లీ అంత బుర్ర ఖర్చుపెట్టాడు.

ఈ వివరణను పూర్తిగా ఒప్పుకోకపోయినా, అందులో నాకొక సత్యం కనబడుతుంది. యొకొమిజో రెండో ప్రసిద్ధ నవల ‘గొకుమోన్ ద్వీపం’ (1947–48) చూడండి. చింపిరి జుట్టు, నలిగిన దుస్తులు, తత్తరపడితే నత్తి, తల గోక్కునే అలవాటు ఉన్న కిందాయిచి కోసుకే ఇందులో న్యూగినీ యుద్ధరంగంనుంచి తిరిగివచ్చిన సిపాయి. ఓడలో ప్రాణం విడిచిన తోటి సిపాయి చివరి కోరిక మోసుకుని ఆ దీవికి వస్తాడు: నేను లేకపోతే నా చెల్లెళ్లు ముగ్గురినీ చంపేస్తారు, కాపాడమని. వేల చావులు చూసి వచ్చినవాడు మూడు చావుల్ని ఆపాలని ప్రాకులాడటం దగ్గర నాకు కాలక్షేపం కనబడదు. ఏ చావూ లెక్కలేకుండా పోకూడదన్న పట్టుదల కనబడుతుంది.

ఈ నవలల్లోని మరో ఆనందం, నా దృష్టిలో అన్నిటికన్న పెద్దది, పాఠకుడికి దక్కే మర్యాద. జపాను వారు ఈ తరహాకు ‘హొంకాకు’ అని పేరుపెట్టారు. 1920లలో కోగా సబురో అనే రచయిత వాడుకలోకి తెచ్చిన మాట. మన భాషలో శాస్త్రోక్తం, అసలైన బాణీ అనుకోవచ్చు. నియమం ఒక్కటే: డిటెక్టివుకు తెలిసిన ఆధారాలన్నీ పాఠకుడికీ తెలియాలి. దాచిపెట్టవచ్చుగాని అబద్ధమాడకూడదు. సకగుచి అంగో వంటి గంభీర సాహిత్యకారుడు, ఓటమి అనంతర నైతిక పతనం మీద 1946లో వ్యాసం రాసి దేశాన్ని కుదిపినవాడు, ఆ మరుసటేడు స్వయంగా ఒక డిటెక్టివ్ నవలను ధారావాహికగా రాస్తూ, హంతకుణ్ణి పట్టుకున్న పాఠకులకు బహుమతి ప్రకటించాడు. సర్కారు ప్రకటనల్లోని అబద్ధాల్ని ఏళ్ల తరబడి మింగిన జనానికి, అన్ని ఆధారాలూ మీ ముందే పెడుతున్నాను, మీ బుర్రతో మీరే తేల్చుకోండి అని చెప్పే పుస్తకం ఎంత కొత్తగా ఉండి ఉంటుందో ఊహించండి. షిమాదా సోజి 1981లో ‘టోక్యో జాతకచక్ర హత్యలు’లో కథను రెండుసార్లు ఆపి పాఠకుణ్ణి సవాలు చేయడం కూడా ఈ సంప్రదాయమే. 1936 నాటి మంచురాత్రి తాళంవేసిన చిత్రశాలలో చచ్చిపోయిన చిత్రకారుడి కథను నలభై ఏళ్లు దాటాక ఒక జ్యోతిష్కుడు విప్పడం అందులోని ఇతివృత్తం. ఆ సవాలు పుట దగ్గర పుస్తకం మూసి, పెన్సిలు పట్టుకుని కూర్చునే గంట ఉంది చూశారూ, దానికి సాటివచ్చే పఠనానందం నాకు మరొకటి తెలియదు. జవాబు తట్టకపోయినా నష్టం లేదు. మనల్ని సమానుడిగా చూసి ఆటకు పిలిచాడు, అది చాలు.

ప్రతిపక్షం మాటా వినాలి. 1950ల చివర మత్సుమొతో సెయిచో ‘బిందువులు, రేఖలు’ నవలతో దుమారం లేపాడు. రైళ్ల సమయాలు, ఆఫీసుల అవినీతి, మామూలు మనుషుల దురాశ. నేరానికి సామాజిక కారణాలు వెతికే ఈ బాణీ ముందు పాత భవంతులు, మూసిన గదులు పిల్లకాయల ఆటల్లా తోచాయి. చాలాకాలం హొంకాకు వెనకబడిపోయింది. 1987లో అయత్సుజి యుకితో ‘దశభుజ భవన హత్యలు’తో ఆ పాత బాణీని మళ్లీ నిలబెట్టినప్పుడు విమర్శకులు అన్నమాట ఇది: ఇందులో మనుషులు లేరు.

మత్సుమొతో గొప్పవాడు, కాదనను. ఈ నిందలో కొంత నిజం ఉందని కూడా ఒప్పుకుంటాను. షిమాదా ‘వంకర భవనం’ (1982) చదివితే మనుషులకన్న ఇల్లే ముఖ్యపాత్ర అనిపిస్తుంది. యొకొమిజోలో ఆడవాళ్లు తరచు అందమైన శవాలుగా మిగిలిపోతారు. అంగవైకల్యాన్ని, మచ్చలుపడిన ముఖాన్ని భయపెట్టే సామగ్రిగా వాడటం ఈనాడు చివుక్కుమనిపిస్తుంది. కొన్ని కిటుకులు విన్నాక నిజంగా ఇది సాధ్యమా అని నవ్వు వస్తుంది. కానీ మనిషిని చూపించడానికి అతని మనసులోని మాటలన్నీ పుటలకొద్దీ రాయడం ఒక్కటే మార్గమా? ఎవరికంటా పడకుండా ఒక గదిని మూయడానికి మనిషి పడిన పాట్లు చూస్తే అతను దేనికి భయపడ్డాడో, దేన్ని పోగొట్టుకోలేకపోయాడో తెలియదా? గోడలు కాగితంవైనచోట, ఊరంతా చెవులే అయినచోట, గడియ వేయడమే ఒక ఆత్మకథ. సామాజిక నవల నేరానికి కారణాన్ని లోకంలో వెతికింది. హొంజిన్ నవల అదే లోకాన్ని ఒక గదిలో కుదించి చూపించింది.

ఇప్పటిదాకా చదవనివారికి ఒకటి రెండు మాటలు. పైన చెప్పినవాటిలో చాలావరకు ఇంగ్లీషు అనువాదాల్లో దొరుకుతాయి. ‘పచ్చబొట్టు హత్య’ 1998లో, ‘జాతకచక్ర హత్యలు’ 2004లో, ‘దశభుజ భవనం’ 2015లో, ‘హొంజిన్’ 2019లో ఇంగ్లీషులోకి వచ్చాయి. రాంపో కథతో మొదలుపెట్టి, హొంజిన్ చదివి, ఆ తర్వాత తకాగి దగ్గరికి వెళ్లడం ఉత్తమం. జపాను పేర్లు మొదట్లో తికమక పెడతాయి గనుక ఒక కాగితం మీద వంశవృక్షం రాసిపెట్టుకోండి. పుస్తకంలో ఇంటి నక్షా ఉంటే దాన్ని దాటేయకండి, అందులోనే సగం కథ ఉంటుంది. ఒకసారి పూర్తయ్యాక మొదటి అధ్యాయం మళ్లీ చదవండి. రచయిత ఏ వాక్యాన్ని ఎంత ఒడుపుగా, అబద్ధమాడకుండా రాశాడో అప్పుడు తెలుస్తుంది. కిటుకు తెలిసిపోయాక కూడా చదివించే గుణం ఉత్త పొడుపుకథకు ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, కథాసారాంశం వెతుక్కుని ముందే చదవకండి. చదివాక ఎవరికీ చెప్పకండి. డెబ్భై ఎనభై ఏళ్లుగా జపాను పాఠకులు ఒకరికొకరు ఈ రహస్యాలను కాపాడుకుంటూ వచ్చారు. మనమూ వాళ్ల పంక్తిలో కూర్చుంటున్నప్పుడు ఆ మాత్రం మర్యాద పాటించాలి కదా.